విరిగిన రిబ్బన్ల డబ్బాలు

లోహాన్ని గాజుగా మార్చే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా గడిపాను. ఈ మాట పెళ్ళిళ్ళలోనో రైల్లోనో ఎవరితోనైనా అంటే, "అంటే కిటికీ అద్దాలు చేస్తారా?" అని అడిగేవారు. మా మామగారైతే పోయేదాకా నేను అద్దాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాననే నమ్మారు. ఓపిక ఉన్నప్పుడు విడమరిచి చెప్పేవాణ్ణి. లేనప్పుడు "అవునండి, అద్దాలే" అని ఊరుకునేవాణ్ణి.

ఈమధ్య రిటైరయ్యాక, మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్లు ఇద్దరు మోవా పేటలో ఉన్న మా ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవాలు రాసి పెట్టండి, మాకు పనికొస్తాయి" అన్నారు. అనుభవాలంటే వాళ్ళ ఉద్దేశం ఏ మెషీను ఎలా నడపాలి, గ్రాంటు కోసం అర్జీ ఎలా పెట్టాలి అని. అవన్నీ ఫైళ్ళలో ఉన్నాయి, చూసుకోవచ్చు. నా ప్రమోషన్ల కథ నాకే విసుగు. నేను రాయాలనుకున్నది నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి, దాన్ని సరిదిద్దిన మనుషుల గురించి. వాళ్ళంటే నాకెంత గౌరవమో వాళ్ళ ఎదురుగా ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను. నా నోటి దురుసు అలాంటిది.

ముందు అసలు సంగతి

మామూలు లోహంలో అణువులు బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా వరసలు కట్టి ఉంటాయి. కరిగించినప్పుడు ఆ వరసలు చెదిరిపోతాయి. మెల్లగా చల్లారనిస్తే మళ్ళీ వరసలు కడతాయి. ఆ వ్యవధి ఇవ్వకుండా, కన్ను మూసి తెరిచేలోగా చల్లార్చేస్తే ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. అదే లోహపు గాజు. చూడటానికి గాజులా ఉండదు. చీర అంచుకు కుట్టే వెండి జరీలా, సన్నగా, మెరుస్తూ ఉంటుంది. మామూలు లోహాన్ని లాగితే ఒక వరస మీద ఇంకో వరస జారుతుంది. ఇందులో జారడానికి వరసలే లేవు కాబట్టి ఉక్కు కన్నా చాలా ఎక్కువ బలం తట్టుకుంటుంది.

ఒట్టి ఇనుముతో ఈ పని అవదు. ఎంత వేగంగా చల్లార్చినా వరసలు కట్టేస్తుంది. బోరాన్, సిలికాన్ లాంటి చిన్న అణువులు కలపాలి. మాది బియ్యం మిల్లుల ఊరు కాబట్టి క్లాసులో ఇలా చెప్పేవాణ్ణి. డబ్బాలో బియ్యం పోసి కుదిపితే గింజల మధ్య ఖాళీలుంటాయి. అందులో నూకలు కలిపి కుదిపితే అవి ఖాళీల్లోకి దిగి డబ్బా బిగిసిపోతుంది. బిగిసినచోట గింజ కదిలి వరసలోకి చేరడం కష్టం. ఇక మూడో రకం, నాలుగో రకం అణువులు కూడా కొద్దికొద్దిగా కలిపితే ఏమవుతుంది? గాజు ఇంకా బాగా తయారవుతుందా, చెడుతుందా? బలం పెరుగుతుందా, పెళుసెక్కుతుందా? ఎనభైల్లో నా పని మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. నేను ఎంచుకున్నది క్రోమియం.

రాగి చక్రం, దుకాలూ

మా లాబ్‌లో ఉన్న యంత్రం కొన్నది కాదు, మేమే కట్టుకున్నది. క్వార్ట్జ్ గొట్టంలో మిశ్రమాన్ని కరిగించి, గ్యాసు ఒత్తిడితో అడుగున ఉన్న సన్నని రంధ్రంలోంచి, గిర్రున తిరిగే రాగి చక్రం మీదికి చిమ్మించాలి. చక్రాన్ని తాకిన మరుక్షణంలో లోహం గడ్డకట్టి రిబ్బనై ఎగిరి అవతల పడుతుంది. వినడానికి తేలికే. చక్రం మీద వేలిముద్ర పడ్డా, ఎండాకాలం వోల్టేజీ పడిపోయి చక్రం వేగం కాస్త తగ్గినా రిబ్బన్ పాడయ్యేది. మందంగా పడ్డచోట ఆలస్యంగా చల్లారి, లోపల వరసలు కట్టేసేది. సన్నగా పడ్డచోట బాగా వచ్చేది. ఒకే రిబ్బన్‌లో రెండూ ఉండేవి.

ఆ చక్రాన్ని చూసుకునేవాడు దుకాలూ. మా ఊరికి దగ్గర్లో, ధర్సీవా పక్కన ఛత్తీస్‌గఢీ మాట్లాడే పల్లెటూరు అతనిది. కరువు కాలంలో పుట్టాడని ఆ పేరు పెట్టారట. మా దగ్గరికి రాకముందు చాలాకాలం ఒక ఫౌండ్రీలో పోత పనివాడు. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఇంగ్లీషు రాదు, హిందీ అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. నేను ఉష్ణోగ్రత మీటరు చూసి "అయిందా?" అని ఆలోచిస్తుంటే, అతను లోహం రంగు చూసి "ఇంకా కాలేదు సాహెబ్" అనేవాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. నేను పీహెచ్‌డీ చేసినవాణ్ణి, నాకు మీటరుంది అనుకునేవాణ్ణి. రెండేళ్ళలో ఆరుసార్లు మీటరే తప్పని తేలింది. ఆ తర్వాత మీటరు నేను చూడటం మానలేదు కానీ, గ్యాసు మీట నొక్కేముందు అతని మొహం కూడా చూసేవాణ్ణి.

వంచి చూడటం

రిబ్బన్ గాజు అయిందో లేదో తేల్చుకోవడానికి ఎక్స్‌రే తీయాలి. మా కాలేజీలో ఎక్స్‌రే యంత్రం ఎక్కువ రోజులు రిపేరులోనే ఉండేది. అందుకని ప్రపంచంలో ఈ పని చేసేవాళ్ళందరూ చేసేదే మేమూ చేసేవాళ్ళం. రిబ్బన్‌ను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పూర్తిగా మడిచేస్తాం. మడత పడ్డా విరక్కపోతే గాజు. టప్పున విరిగితే లోపల వరసలు కట్టేసినట్టు, అది పనికిరాదు.

కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ నేను మొదట నేర్పేది ఇదే. "వంచు. నిలిస్తే ఉంచు, విరిగితే పారెయ్." నిలిచిన ముక్కలనే బలం పరీక్షకు పంపేవాళ్ళం. విరిగిపోయే ముక్కను లాగి చూడటం ఎందుకు, ఎలాగూ చెడ్డదే కదా అన్నది నా లెక్క. ఇది ఎవరి పుస్తకంలోనూ రాసి లేదు. ఎవరూ ఎవరినీ అడగలేదు. పొద్దున్నే పళ్ళు తోముకున్నట్టు చేసేవాళ్ళం.

ఇలా పరీక్షించి, క్రోమియం పెరిగేకొద్దీ బలం పెరుగుతూ పోతుందని నేనొక పేపరు రాశాను. గ్రాఫు చక్కగా, ఎక్కడా తడబడకుండా పైకి ఎక్కింది. విదేశీ పత్రికలో అచ్చయింది. పెద్ద పెద్దవాళ్ళు దాన్ని ప్రస్తావించారు. ఆ పత్రిక ప్రతిని నా గదిలో అందరికీ కనిపించేచోట పెట్టుకున్నాను. ఎవరైనా టీ తాగడానికి వస్తే కప్పు దాని పక్కనే పెట్టేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది.

విమల

విమల వాళ్ళది శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన రైల్వే కుటుంబం, మాలాగే. తండ్రి అప్పలనాయుడు గారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఈ అమ్మాయిదే. నా దగ్గర పీహెచ్‌డీకి చేరి, నా పేపరును ముందుకు తీసుకెళ్ళే పనే ఎంచుకుంది. నాలుగేళ్ళు ఆ రాగి చక్రం ముందు నిలబడింది. దుకాలూతో ఛత్తీస్‌గఢీలో, నాతో తెలుగులో, మా డిపార్టుమెంటు హెడ్డు గారితో హిందీలో మాట్లాడేది. మాట్లాడటం తక్కువ, రాసుకోవడం ఎక్కువ. ఆ అమ్మాయి నోట్‌బుక్కు చూస్తే నాకు అసూయగా ఉండేది. నాది నాకే అర్థమయ్యేది కాదు.

థీసిస్ దాదాపు పూర్తయింది. దక్షిణాదిలో ఒక పరిశోధనా సంస్థ వాళ్ళు ఉద్యోగం ఖాయం చేశారు. ఒక్కటే షరతు, ఆ నెలాఖరులోగా థీసిస్ యూనివర్సిటీకి అందాలి. వాళ్ళింట్లో అప్పటికే స్వీట్లు పంచేశారు. మా ఇంటికీ ఒక డబ్బా వచ్చింది.

నెలాఖరుకు రెండు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"సార్, ఒక అయిదు నిమిషాలు టైముందా? కొంచెం గడ్‌బడ్‌గా ఉంది."

"ఏటమ్మా, టైపింగులోనా?"

"టైపింగులో కాదు సార్. టేబుల్లో."

ఒక కాగితం నా ముందు పెట్టింది. ఒక్కో మిశ్రమానికి ఎన్ని ముక్కలు పరీక్షించామో రాసిన పట్టిక. క్రోమియం లేనిచోట ముక్కలు కుప్పలుగా ఉన్నాయి. క్రోమియం పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చి, చివరి వరసకు పిడికెడు కూడా లేవు.

"మరి అవి ఎక్కువ విరిగిపోయాయి కదమ్మా. మిగిలినవే పరీక్షించాం. ఇందులో కొత్తేముంది?"

"మిగిలినవాటి మందం కొలిచాను సార్. చివరి వరసలో మిగిలినవన్నీ బాగా సన్నటివే. మందంగా ఉన్నది ఒక్కటీ లేదు. అవన్నీ వంచినప్పుడే విరిగిపోయాయి, పారేశాం." కాగితం మీద మొదటి వరస చూపించింది. "అందుకని క్రోమియం లేనివాటిలోంచి కూడా అంతే సన్నటివి ఏరి చూశాను. వాటి బలమూ ఇంచుమించు అంతే వచ్చింది సార్. మత్లబ్... అంటే, మన గ్రాఫు ఎక్కింది క్రోమియం వల్ల కాదేమో."

విషయం వెంటనే అర్థమైంది, అందుకే వెంటనే కోపమూ వచ్చింది. గొంతు పెంచాను. నాలుగేళ్ళు చేసిన పని రెండు వారాల ముందు తిరగేస్తావా అన్నాను. ముందు థీసిస్ ఇచ్చెయ్, ఉద్యోగంలో చేరు, ఈ సంగతి తర్వాత తీరిగ్గా చూద్దాం అన్నాను. ఆ అమ్మాయి మంచి కోరి అన్నాననే అనుకున్నాను అప్పుడు. అందులో సగం నా పేపరు మంచి కోరి అన్నది.

విమల "ఠీక్ ఉంది సార్, ఆలోచిస్తాను" అని కాగితం అక్కడే వదిలేసి వెళ్ళింది.

శుక్లా గారి మాట

మా హెడ్డు శుక్లా గారు. నోట్లో పాన్ ఉండగా మాట్లాడితే ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. పాన్ ఉమ్మి వచ్చి మాట్లాడారంటే మాత్రం జాగ్రత్తగా వినాలి. బాసుల్లో మంచివాళ్ళు ఎలా ఉంటారని ఎవరైనా అడిగితే నేను ఆయన పేరే చెబుతాను. విమల కాగితం తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. "ఈ వయసు పిల్లలకు ఇలాంటి అనుమానాలు మామూలే, వదిలెయ్" అంటారని ఆశ.

ఆయన పట్టిక రెండుసార్లు చూసి, బయటికెళ్ళి పాన్ ఉమ్మి వచ్చారు.

"మూర్తి జీ, ఒక స్కూల్లో వందమంది పరీక్ష రాస్తే పదిమంది పాసయ్యారనుకోండి. ఆ పదిమంది మార్కులే కూడి, మా స్కూలు జిల్లాలో అన్నిటికన్నా గొప్పదని బోర్డు పెట్టారు మీరు. ఈ అమ్మాయి తొంభైమంది ఏరీ అని అడుగుతోంది."

నేను నెలాఖరు సంగతి, ఉద్యోగం సంగతి చెప్పాను.

"అది ఆమె తేల్చుకోవాలి. మీరు తేల్చుకోవాల్సింది వేరే ఉంది కదా" అన్నారు.

తిట్టినా బాగుండేది. నా గదికి తిరిగొచ్చి, ఆ పత్రిక ప్రతిని తీసి బీరువాలో పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న విమలను పిలిచి, నువ్వు చెప్పిందే నిజమనిపిస్తోంది అన్నాను. థీసిస్ ఇచ్చి ఉద్యోగంలో చేరితే తప్పుపట్టను, మళ్ళీ చేస్తానంటే పక్కనుంటాను అని కూడా చెప్పాను. ఆ అమ్మాయి రాత్రే నిర్ణయించుకుందట. సంస్థకు గడువు అడుగుతూ ఉత్తరం అప్పటికే పోస్టు చేసి వచ్చింది. వారంలో జవాబు వచ్చింది, గడువు కుదరదు అని.

ఆ ఆదివారం అప్పలనాయుడు గారు మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

"ఏటి బాబూ మూర్తి గారూ, నాలుగేళ్ళు మా పిల్ల మీ కాడ ఆ కొలిమి ముందు నిలబడింది. ఇప్పుడొచ్చి అంతా తప్పంతారేటి? చేతికొచ్చిన ఉద్యోగం పోయింది."

"తప్పు అమ్మాయిది కాదు నాయుడు గారూ. నాది. అమ్మాయి దాన్ని కనిపెట్టింది."

ఆయన కాఫీ గ్లాసు అందుకున్నారు.

"మా షాపులో సుత్తితో కొట్టి చక్రం సౌండు వింతాం బాబూ. పగులున్నాదని తెలిసినాక ఆ బండిని బయటికి వదలం. పైనుంచి ఎవులు తొందరపెట్టినా వదలం. ఇదీ అలాంతిదేనా?"

"అలాంటిదే."

"అయితే మరి నేనింకేటి అంతాను" అని కాఫీ తాగేసి లేచారు.

డబ్బాలు

అనుమానం వేరు, రుజువు వేరు. మా గ్రాఫు తప్పని చూపించాలంటే, విరిగాయని పారేసిన ముక్కలు కావాలి. ఏ మిశ్రమంలో ఎన్ని విరిగాయి, ఎంత మందంవి విరిగాయి, వాటి లోపల వరసలు ఎంత కట్టాయి అన్నీ తెలియాలి. నాలుగేళ్ళ చెత్త ఎక్కడ వెతుకుతాం? అన్నీ మళ్ళీ కరిగించి, మళ్ళీ చిమ్మించాలంటే ఇంకో రెండేళ్ళు. బోరాన్ దొరకడమే గగనంగా ఉన్న రోజులు. నేనూ విమలా బల్లకు చెరోవైపు కూర్చుని లెక్కలు వేసుకుంటున్నాం.

దుకాలూ చక్రాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. విమల ఎందుకంత దిగులుగా ఉందో అడిగాడు. ఆమె ఛత్తీస్‌గఢీలో చెప్పింది, ఇన్నాళ్ళూ పారేసినవే ఇప్పుడు కావలసొచ్చాయని.

"నఇ ఫేంకే హఁవ్, బేటీ" అన్నాడు. నేను పారెయ్యలేదమ్మా అని.

స్టోర్‌రూమ్‌లో పాత మోటార్ల వెనక ఒక చెక్క అల్మారా ఉండేది. దాని నిండా వనస్పతి డబ్బాలు. మూత తీస్తే లోపల చిన్న చిన్న కాగితం పొట్లాలు. ఒక్కో పొట్లంలో ఆ రోజు విరిగిన ముక్కలు. పొట్లం మీద పెన్సిలుతో ఆ రోజు పోత నెంబరు. మేము బోర్డు మీద ఇంగ్లీషులో రాసేదాన్ని అతను చదివి కాదు, బొమ్మ గీసినట్టు చూసి దింపుకున్నాడు. కొన్ని అంకెలు తిరగబడి ఉన్నాయి. అయినా ఒక్కటీ గుర్తుపట్టలేనంతగా లేదు.

ఎందుకు దాచావని అడిగితే అతనికి ప్రశ్నే వింతగా తోచింది. ఫౌండ్రీలో పాడైన పోతను ఎవరూ పారెయ్యరట. సుద్దతో గుర్తు పెట్టి పక్కన పెడతారు. ఉస్తాద్ వచ్చి, ఎందుకు పాడైందో చూశాకే మళ్ళీ కొలిమిలో వేస్తారు. "మీరు పారెయ్యమన్నారు సాహెబ్, కానీ ఎందుకు విరిగిందో మీరు ఇంకా చూడలేదు కదా. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారనుకున్నా" అన్నాడు హిందీలో.

మేము ఎప్పుడూ అడగలేదు. నేను లేనప్పుడు, చెత్తబుట్ట ఖాళీ చేసే ముందు, ఏళ్ళ తరబడి ఏరి దాచాడు. వద్దన్న పని చేస్తున్నాడు కాబట్టి నాకు చెప్పలేదు. విమల ఆ పొట్లాలు బల్లమీద పేర్చుకుంటూ ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది కానీ, నా బాపతు మనుషులు అలాంటప్పుడు పక్కవాడి మీద విసుక్కుంటారు. "ఈ అల్మారా ఇంత దుమ్ముగా ఎందుకుంది?" అన్నాను. దుకాలూ నవ్వాడు.

మళ్ళీ మొదటినుంచి

ఏడాది పట్టింది. విరిగిన ప్రతి ముక్కకూ, విరిగినచోటు వదిలి మిగిలిన భాగం మందం కొలిచాం. లాగడానికి సరిపడా పొడవున్న వాటిని లాగి చూశాం. ఎక్స్‌రే యంత్రం రిపేరుకు డబ్బు శుక్లా గారు స్వయంగా పై అధికారుల గుమ్మం దగ్గర కూర్చుని సాధించుకొచ్చారు.

తేలిందేమిటంటే, క్రోమియం అబద్ధం కాదు, మా గ్రాఫే అబద్ధం. కొద్దిగా కలిపినప్పుడు నిజంగానే బలం కాస్త పెరుగుతుంది, వేడికి కూడా బాగా ఆగుతుంది. కానీ కలిపేకొద్దీ ఆ మిశ్రమాన్ని గాజుగా బిగించడం కష్టమవుతూ పోతుంది. మా చక్రం వేగానికి సన్నగా పడ్డ చోట్లే గాజయ్యేవి, మిగతా అంతటా వరసలు కట్టేసేవి. మేము ఆ కొన్నిటినే కొలిచి, అదంతా క్రోమియం ప్రతాపమని రాశాం. ఏ మిశ్రమానికి ఎంత మందం వరకు గాజు నిలుస్తుందో విమల మొదటిసారి గీసి చూపించింది. నా పాత గ్రాఫులాగా అది అందంగా లేదు. కొంతదాకా ఎక్కి, చదునై, కిందికి దిగింది. ఈ రోజుకీ పనికొచ్చేది అదే.

ఆ ఏడాదిలో ఒకసారి, థీసిస్ మీద గైడుగా నా పేరు తీసెయ్యమని విమలతో అన్నాను. నా పేపరుకు వ్యతిరేకంగా ఉన్న థీసిస్ మీద నా పేరే ఉంటే పరీక్షకులు ఎలా తీసుకుంటారోనని భయం.

"మీ పేరు తీసేస్తే, తప్పు నేర్పిందెవరని అడిగితే ఏం చెప్పాలి సార్?" అంది, మొహంలో నవ్వు కనపడనీయకుండా. నా పేరు అలాగే ఉండిపోయింది.

కొత్తగా వచ్చే పిల్లలకు ఇక్కడ ఒక మాట. నాలుగేళ్ళ పని చేతిలో పెట్టుకుని, గుమ్మంలో ఉద్యోగాన్ని పెట్టుకుని, ఒక పట్టికలో ఆఖరి వరస ఎందుకు పల్చగా ఉందని అడగడానికి చాలా ధైర్యం కావాలి. నాకు ఆ ధైర్యం లేదు. ఉంటే ఆ ప్రశ్న పదేళ్ళ ముందే నేను అడిగి ఉండేవాణ్ణి, పట్టిక నా దగ్గరా ఉంది కదా.

వైవా

వైవాకు వచ్చిన పరీక్షకుడు ఈ రంగంలో దేశమంతా పేరున్న మనిషి. నా పేపరును మెచ్చుకుంటూ రాసినవాళ్ళలో ఆయన ఒకరు. థీసిస్ తిరగ్గొట్టే అధికారం ఆయనకుంది. తిరగ్గొడితే విమలకు అయిదేళ్ళ పని పోయినట్టే, మళ్ళీ మొదలుపెట్టే ఓపిక వాళ్ళింట్లో ఎవరికీ లేదు. సెమినార్ హాల్లో వెనక వరసలో అప్పలనాయుడు గారు ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని కూర్చున్నారు. దుకాలూ తలుపు దగ్గర నిలబడ్డాడు.

విమల ముప్పావుగంట చెప్పింది. పరీక్షకుడు ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. అయిపోయాక కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"మీ గైడు గారి పేపరు దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. ఎవరి మాట నమ్మమంటారు?"

విమల నావైపు చూడలేదు. "దీన్ని నమ్మండి సార్. మొదటి నాలుగేళ్ళూ విరిగినవి పారేసింది నేనే. అప్పుడు నాకూ అనుమానం రాలేదు."

నేను లేచి నిలబడ్డాను. వైవాలో గైడు మాట్లాడకూడదు. అయినా మాట్లాడాను. "పారెయ్యమని నేర్పింది నేను. నా పేపరు తప్పు. పత్రికకు సవరణ రాసి పంపించాను."

అన్నేళ్ళ సర్వీసులో నలుగురి ముందు 'నా తప్పు' అనడం అదే మొదటిసారి.

పరీక్షకుడు థీసిస్‌లో విరిగిన ముక్కల పట్టిక ఉన్న పేజీ తెరిచారు. ఎవరితోనూ కాదన్నట్టు మెల్లగా అన్నారు.

"మా లాబ్‌లో కూడా విరిగినవి చెత్తబుట్టలోకే పోతాయి. ఇన్నేళ్ళుగా."

తర్వాత తల ఎత్తి, "ఆ ముక్కలు దాచినాయన ఎవరు?" అని అడిగారు. విమల తలుపు వైపు చూపించింది. దుకాలూ ఒక అడుగు వెనక్కి వేశాడు. పరీక్షకుడు తనే లేచి, పక్క కుర్చీ జరిపి, అతన్ని పిలిచి కూర్చోబెట్టారు. జేబులోంచి పెన్ను తీశారు.

"పొట్లాలు ఎలా కట్టేవాడివి, ఏమేమి రాసేవాడివి, మొదటినుంచి చెప్పు భయ్యా. మెల్లగా చెప్పు, రాసుకుంటాను. మావాళ్ళకి నేర్పాలి."

దుకాలూ చెప్పడం మొదలుపెట్టాడు. మొదట చేతులు కట్టుకుని, తర్వాత చేతులు తిప్పుతూ చెప్పాడు. మధ్యమధ్య ఛత్తీస్‌గఢీ మాటలు అర్థంకాక ఆయన ఆగితే, విమల హిందీలో చెప్పింది. వెనక వరసలోంచి అప్పలనాయుడు గారు కూడా ముందుకొచ్చి విన్నారు. శుక్లా గారు ఫారం మీద పరీక్షకుడి సంతకం పెట్టించుకుని, సిరా ఆరేదాకా ఊది, ఫైల్లో పెట్టుకున్నారు.

ఫలితం పైకి చెప్పడం అందరూ మరిచిపోయారు. విమల ఇంకా బోర్డు దగ్గర, చేతిలో సుద్దముక్క నలిపేస్తూ నిలబడే ఉంది. నేనే దగ్గరికి వెళ్ళి, "కూర్చోమ్మా, అయిపోయింది. పాసయ్యావు" అన్నాను.